దీక్షకున్న చోటు మాటకు లేదు

కార్తీకంలో గుమ్మఘట్ట వైపు ఏ ఆఫీసుకు వెళ్లినా ఒకరిద్దరు అయ్యప్ప స్వాములు కనిపిస్తారు. నల్లబట్టలు, మెడలో మాల, చెప్పుల్లేని కాళ్లతో ఫైలు చూస్తున్న గుమాస్తాను పనికొచ్చిన రైతు కూడా ‘స్వామీ’ అనే పిలుస్తాడు. రంజాన్ నెలలో ముస్లిం ఉద్యోగులు గంట ముందుగా ఇంటికి వెళ్లేందుకు సర్కారే ఉత్తర్వు ఇస్తుంది. రెండూ మంచివే. కానీ అదే గుమాస్తా భైరవానితిప్ప కాలువకు నీళ్లెందుకు రాలేదో పేపరువాళ్లకు చెప్పాలంటే గొంతు పెగలదు. ఈ తేడా నిన్న మొన్నటిది కాదు.

1907లో రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీలో చదువుతున్న కర్నూలు యువకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు వందేమాతరం బ్యాడ్జీ పెట్టుకున్నాడు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ ఆయనను కాలేజీ నుంచి వెళ్లగొట్టాడు. సర్కారు కొలువుకూ పనికిరాడన్నారు. ఉద్యోగంలో చేరకముందే నోరు కట్టేయడం అది.

దొరలు వెళ్లినా ఆ పద్ధతి వెళ్లలేదు. 1949లో జాతీయ భద్రత పేరిట చేసిన రైల్వే నిబంధనల కింద కొందరు ఉద్యోగులను ఇళ్లకు పంపారు. వారిలో ఒకరైన పి. బాలకోటయ్య సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1957లో ఓడిపోయారు. సంఘం పెట్టుకునే హక్కు ఉంది, ఉద్యోగంలో ఉండే హక్కు మాత్రం లేదన్నది ఆ తీర్పు సారం. 1962లో కామేశ్వర్ ప్రసాద్ కేసు కొంత ఊరటనిచ్చింది. ప్రదర్శనల మీద గంపగుత్త నిషేధం చెల్లదన్న కోర్టు, సమ్మె హక్కును మాత్రం ఒప్పుకోలేదు. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రవర్తనా నియమావళి ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించకూడదంది. నేటికీ మన ఉద్యోగుల నెత్తిన ఉన్నది అదే.

ఈ చరిత్రలో నేను గర్వంగా చెప్పుకునే పేరు మన అనంతపురం జిల్లావారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డిది. మధ్యప్రదేశ్‌లో ఒక మునిసిపల్ బడిని ప్రభుత్వం తీసుకుంది. అందులో పంతులు ఒకప్పుడు ఆర్‌ఎస్‌ఎస్, జనసంఘ్ కార్యక్రమాల్లో తిరిగాడని పోలీసులు రిపోర్టు రాస్తే ఉద్యోగం ఊడింది. 1983లో చిన్నపరెడ్డి ఆ పంతులు పక్షాన తీర్పు రాశారు. ఉద్యోగార్థి రాజకీయ విశ్వాసం గురించి పోలీసులను ఆరా తీయడమే సమానావకాశాన్నీ భావప్రకటననూ వేరుతో నరకడమన్నారు. మూడేళ్లకు, జాతీయగీతం పాడుతుండగా మర్యాదగా నిలబడి, మతవిశ్వాసం కారణంగా గొంతు కలపని ముగ్గురు కేరళ పిల్లలను తిరిగి బడిలో చేర్చుకొమ్మన్నదీ ఆయనే. మాటనూ మతాన్నీ ఒకే మనస్సాక్షి కింద చూసిన న్యాయమూర్తి ఆయన.

మతానికీ హద్దులున్నాయి. దేవాలయ సంస్థల్లో కొలువుకు ఆ మతస్థులే ఉండాలని చట్టం చేసేందుకు రాజ్యాంగం 16(5) అధికరణం వీలిస్తుంది. తిరుమల తిరుపతి దేవస్థానం 1989 సర్వీసు నిబంధనలు హిందువులనే తీసుకోమన్నాయి. 2018లో 44 మంది అన్యమతస్థులకు నోటీసులిచ్చారు. పూజారికి, ఆలయ సేవకుడికి ఆ షరతు నాకు సబబే అనిపిస్తుంది. దేవస్థానం ఆస్పత్రిలో నర్సుకూ అదే షరతంటే మనసొప్పదు.

మాట దగ్గరికొస్తే, గుంపుగా ఉన్నంతసేపు మనవాళ్లకు ధైర్యమే. 2013లో సమైక్యాంధ్ర కోసం సీమాంధ్ర ఉద్యోగులు రెండు నెలలు దాటి సమ్మె చేశారు. ఒంటరివాడి గతి వేరు. 2020 ఏప్రిల్‌లో మాస్కులు లేవన్నందుకు నర్సీపట్నం ఆస్పత్రి మత్తుమందు డాక్టరు సుధాకర్‌ను సస్పెండ్ చేశారు. మే నెలలో విశాఖ నడిరోడ్డు మీద, ఒంటి మీద చొక్కా లేకుండా, పోలీసులు ఆయన చేతులు వెనక్కి విరిచి తాడుతో కట్టారు. హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. మరుసటేడు మేలో ఆయన చనిపోయారు. ప్రజల ప్రాణాలకు సంబంధించిన నిజం చెప్పడం విమర్శ కిందికి రాదని 1964 నియమావళిలో ఒక్క వాక్యం చేర్చాలి. ఆ పని ఎప్పుడో జరగాల్సింది.

సర్కారు ఉద్యోగికి కనీసం కోర్టు మెట్లున్నాయి. రాయదుర్గంలో జీన్స్ కుట్టే షెడ్లకు మన పల్లెల నుంచి వెళ్లే ఆడపిల్లలకు ఆచరణలో అదీ అందదు. రాజ్యాంగం ఇచ్చిన వాక్‌స్వేచ్ఛ ప్రభుత్వం మీద పనిచేసినట్టు, ప్రైవేటు యజమాని దగ్గర వాళ్లకు అక్కరకు రావడం లేదు. కూలి తక్కువైందని అడిగితే మెమో ఉండదు, విచారణ ఉండదు. రేపటి నుంచి రావద్దంటారు, అంతే.