ఊరి పేరు, దఫ్తరు పేరు: హుస్సేనీ ఆలం చుట్టుపక్కల ఉత్తరాది కుటుంబాలు

చార్మినార్ దగ్గర లాడ్ బజార్ గాజుల దుకాణాల మధ్యకు దూరి పడమరకు నడిస్తే మెహబూబ్ చౌక్ గడియార స్తంభం కనిపిస్తుంది. అదీ దాటితే హుస్సేనీ ఆలం. ఈ పేటకు పేరు తెచ్చింది మొహర్రంలో నిలబెట్టే ఆలం. తెలంగాణ పల్లెల్లో దాన్నే పీరు అంటాం. ఇక్కడి ఆలంలో ఇమామ్ జాఫర్ సాదిక్ ఖడ్గం ఉందని భక్తుల విశ్వాసం. పైగా ప్రభువుల వంశానికి చెందిన ఖుర్షీద్ జా పేరుతో పిలిచే ఎత్తైన స్తంభాల దేవిడీ కూడా ఈ పేటలోనే ఉంది. పాతబస్తీని గురించి రాసేవారు సాధారణంగా ఈ రెండింటితో ఆగిపోతారు. ఈ సందుల్లో, పక్కనున్న షా అలీ బండ, చౌక్ మైదాన్ ఖాన్‌లలో తరతరాలుగా కాపురమున్న కాయస్థుల గురించి తెలుగులో వచ్చిన రచన చాలా తక్కువ.

వీరు ఉత్తరాది వారు. మొదటి నిజాం ఆసఫ్ జా వెంటా, ఆ తర్వాతా దక్కన్‌కు వచ్చిన మాథుర్, సక్సేనా, శ్రీవాస్తవ, భట్నాగర్ శాఖల కుటుంబాలు. 1724లో షకర్‌ఖేడా యుద్ధం గెలిచి ఆసఫ్ జా దక్కన్‌లో స్థిరపడినప్పుడు అధికార కేంద్రం ఔరంగాబాద్. 1760లలో నిజాం అలీ ఖాన్ రాజధానిని హైదరాబాదుకు మార్చాక దఫ్తర్లతోపాటు ఆ దఫ్తర్లు రాసేవారూ ఇటు కదిలారు.

మనిషి పరిచయమైతే తెలుగువాడు ముందు ఇంటిపేరు అడుగుతాడు, అందులో ఊరిని వెతుకుతాడు. కందుకూరి, నిడదవోలు అలా వచ్చినవే. ఆ అలవాటుతో చూస్తే హైదరాబాదుకు వచ్చిన ఉత్తరాది వారిలో మనకు సులువుగా అర్థమయ్యేది బిల్‌గ్రామీలు. అవధ్‌లో, నేటి హర్దోయి జిల్లాలో ఉన్న చిన్న పట్టణం బిల్‌గ్రామ్. ఆజాద్ బిల్‌గ్రామీ (1704–1786) దక్కన్‌కు వచ్చి ఔరంగాబాద్‌లో ఉండిపోయి, తన ఊరి సూఫీల, పండితుల జీవితాలను ‘మఆసిర్ ఉల్ కిరామ్’ అనే ఫారసీ గ్రంథంలో నమోదు చేశాడు. ఆయన సమాధి ఖుల్దాబాద్‌లో ఉంది. నూరేళ్లు దాటాక దివాను మొదటి సాలార్ జంగ్ పిలుపుపై వచ్చిన సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ పుట్టింది గయలో. అయినా పేరు చివర ఊరు ఊరే. ఈయనే అసఫియా గ్రంథాలయ స్థాపకుల్లో ముఖ్యుడు.

కాయస్థుల దగ్గర ఈ పద్ధతి పనిచేయదు. వారిలో అత్యున్నత స్థాయికి చేరిన మాథుర్ కుటుంబానికి స్థిరపడ్డ పేరు మాల్‌వాలా. అది ఊరి పేరు కాదు. రెవెన్యూ పత్రాలుండే దఫ్తర్-ఎ-మాల్ వారి చేతిలో ఉండడం వల్ల వచ్చిన పేరు. రెండో పెద్ద దఫ్తరైన దఫ్తర్-ఎ-దివానీ రాయ్ రాయాన్ అనే మరాఠీ బ్రాహ్మణ కుటుంబానిది. ఊళ్లో పట్వారీ తెలుగులోనో మరాఠీలోనో కన్నడంలోనో రాసిన లెక్క పైకి చేరేసరికి ఫారసీలోకి, సియాక్ అనే సంకేత లిపి అంకెల్లోకి మారేది. ఆ అంకెలు చదవడం తండ్రి దగ్గర కొడుకు నేర్చుకునే విద్య. జాగీరో ఇనామో తనదని ఎవరైనా వస్తే దఫ్తరులో నకలు వెతకాల్సిందే. అసలు బలం ఆ వెతికే చేతిది. జమ, ఖర్చు, వసూలు, రసీదు, దస్తావేజు అని నేటికీ మనం వాడే మాటలు అటువంటి కచేరీల నుంచి మన పల్లెల్లోకి దిగినవే.

సక్సేనా శాఖకు చెందిన గిర్ధారీ ప్రసాద్‌ను జనం బన్సీ రాజా అనేవారు. ‘బాకీ’ అనే కలం పేరుతో ఫారసీలో కవిత్వం రాశాడు. ఆ మాటకు నిలిచి ఉండేది, శాశ్వతం అని అర్థం. తెలుగులో అది అప్పు అయింది. లెక్కలతో బతికిన కులంలో ఒక కవి ఆ పేరే ఎంచుకున్నాడు!

కాయస్థుల కులదైవం చిత్రగుప్తుడిదీ లెక్కల పనే. తెలుగు ప్రేక్షకుడికి చిత్రగుప్తుడంటే ‘యమగోల’లో అల్లు రామలింగయ్య గుర్తొస్తాడు కానీ, పాతబస్తీలో కందికల్ గేటు దగ్గర చిత్రగుప్తుడికి గుడి ఉంది. దీపావళి వెళ్లిన రెండో నాడు, యమద్వితీయకు, కాయస్థులు కలం, సిరాబుడ్డి పెట్టి పూజిస్తారు. మొహర్రం వస్తే ఆలం ముందు మొక్కులు చెల్లించినవారిలోనూ ఈ కుటుంబాలు ఉన్నాయి. దీన్ని గంగా జమునా తహజీబ్ (హిందూ ముస్లింల ఉమ్మడి సంస్కృతి) అని ఒక్క మాటలో తేల్చేయడం నాకు నచ్చదు. దర్బారు కొలువుకు దర్బారు పండుగలతో సంబంధం ఉంటుంది. భక్తి, ఉద్యోగ మర్యాద కలిసి నడిచాయనుకోవడమే సబబు.

1978లో వచ్చిన కారెన్ లియోనార్డ్ గ్రంథం హైదరాబాద్ కాయస్థులపై ప్రామాణిక అధ్యయనం. వీరంతా ఒకే కులంగా కలిసి మెలిసి లేరని, శాఖా హోదా చూసుకుని వియ్యాలు అందుకున్నారని ఆమె చూపింది. పేరు విషయాన్ని దీనికి కలిపి చూడాలని నా ప్రతిపాదన. ఊరు వదిలి దఫ్తరును పేరుగా ధరించినవారు ముల్కీలు, అంటే స్థానికులు, అయ్యారు. ఊరిని పేరులో మోసుకొచ్చినవారిని నగరం చాలాకాలం ‘హిందుస్తానీ’ అనే పిలిచింది. 1865లో జిలాబందీ (జిల్లాల ఏర్పాటు) వచ్చి, 1880ల మధ్యలో ఫారసీ స్థానాన్ని ఉర్దూ ఆక్రమించాక పాత దఫ్తర్‌దార్ల పట్టు సడలింది. అలీగఢ్ వైపు నుంచి వచ్చిన కొత్త అధికారులపై గుర్రుమన్న ముల్కీలలో కాయస్థులూ ఉన్నారు. ఆ కాయస్థుల పూర్వీకులు వచ్చిందీ ఆ దిక్కు నుంచే.

ముల్కీ అనే మాట అక్కడితో పోలేదు. ఉద్యోగ నియామకాలకు 1919లో ముల్కీ నిబంధనలు ఏర్పడ్డాయి. 1952 సెప్టెంబరులో హుస్సేనీ ఆలంకు కూతవేటు దూరంలో, సిటీ కాలేజీ దగ్గర ముల్కీ ఉద్యమకారులపై పోలీసులు కాల్పులు జరిపారు. అప్పటికి గైర్ ముల్కీ (స్థానికేతరుడు) అంటే అవధ్ వాడు కాదు, కోస్తా నుంచి వచ్చిన తెలుగువాడు.

1949లో జాగీర్లు రద్దయ్యాయి. దేవిడీల ఖర్చు భరించలేక చాలా కుటుంబాలు మూసీ అవతలి కొత్త కాలనీలకు వెళ్లిపోయాయి. 1845 నాటి మాల్‌వాలా ప్యాలెస్, చెక్కపనికి పేరు పడ్డ భవనం, తర్వాతి కాలంలో చాలావరకు కూల్చివేతకు గురైంది. అక్కడ దుకాణాల సముదాయం లేచింది. మాల్ దఫ్తరు కాగితాలు మాత్రం తార్నాకలోని రాష్ట్ర పురాలేఖనశాలలో ఉన్నాయి. వాటిలోని సియాక్ అంకెలు చదవగలిగినవారు నేడు చాలా అరుదు.