అమ్మకాలపై కాదు.. ఆదాయంపైనే పన్ను
చిరువ్యాపారులు, బెల్లం రైతులు లెక్క వేసుకోవలసిన తీరు

తుమ్మపాల (అనకాపల్లి): ఏడాది పొడవునా యూపీఐ ద్వారా ఖాతాలో జమైన మొత్తాన్ని చూసి, ఆదాయపు పన్ను ఎంత కట్టవలసి వస్తుందోనని చిరువ్యాపారులు కలవరపడటం పరిపాటిగా మారింది. ఖాతాలో పడినదంతా ఆదాయం కాదు. అమ్మకాలను ప్రాతిపదికగా తీసుకునేది జీఎస్టీ. ఆదాయపు పన్ను లెక్క వేరు.

అంచనా పద్ధతి: వార్షిక అమ్మకాలు రూ.2 కోట్లు మించని వ్యాపారి ఖాతా పుస్తకాలు నిర్వహించకుండానే ఆదాయాన్ని చూపవచ్చు. నగదు అమ్మకాల్లో 8 శాతాన్ని, బ్యాంకు లేదా యూపీఐ ద్వారా వచ్చిన వాటిలో 6 శాతాన్ని లాభంగా పరిగణిస్తారు. వాస్తవ లాభం అంతకు మించితే ఆ మొత్తాన్నే చూపాలి.

ఉదాహరణకు ఒక కిరాణా దుకాణంలో నగదు అమ్మకాలు రూ.45 లక్షలు, యూపీఐ అమ్మకాలు రూ.25 లక్షలు అనుకుందాం. లాభం రూ.3.60 లక్షలు, రూ.1.50 లక్షలు కలిపి రూ.5.10 లక్షలు. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త విధానంలో రూ.4 లక్షల వరకు పన్ను లేదు. మిగిలిన రూ.1.10 లక్షలపై 5 శాతం చొప్పున రూ.5,500 అవుతుంది. మొత్తం ఆదాయం రూ.12 లక్షలు దాటనందున రిబేటు లభించి అదీ రద్దవుతుంది. పన్ను సున్నా అయినా రిటర్ను మాత్రం దాఖలు చేయవలసిందే. ఆదాయం రూ.4 లక్షలు దాటినా, అమ్మకాలు రూ.60 లక్షలు మించినా రిటర్ను తప్పనిసరి. చాలామంది పొరబడేది ఇక్కడే.

బెల్లం వండితే: చెరకు అమ్మగా వచ్చిన రాబడి వ్యవసాయ ఆదాయం, దానిపై పన్ను లేదు. బెల్లం విషయంలో చిక్కు ఉంది. చెరకును చెరకుగానే అమ్ముకునే వీలున్నచోట, దాన్ని బెల్లంగా మార్చడం వల్ల వచ్చే అదనపు లాభం వ్యాపార ఆదాయం కిందికి వస్తుంది. సొంత చెరకు మార్కెట్ విలువ రూ.2 లక్షలు, వంట ఖర్చు రూ.60 వేలు, బెల్లం అమ్మకం రూ.3 లక్షలు అయితే వ్యాపార ఆదాయం రూ.40 వేలే. స్థానిక సహకార చక్కెర కర్మాగారంలో క్రషింగ్ నిలిచిపోయిన తుమ్మపాలలో చెరకుకు మార్కెట్ ఉన్నదా లేదా అన్నది తేలికగా తేలే ప్రశ్న కాదు. ఏమైనా చెరకు విలువ, వంట ఖర్చుల వివరాలు రాసి ఉంచుకోవడం రైతుకే మేలు.

వ్యవసాయ ఆదాయం రూ.5 వేలు దాటినవారు చిరువ్యాపారుల కోసం ఉద్దేశించిన ఐటీఆర్-4 (సుగమ్) వాడరాదు. ఐటీఆర్-3 దాఖలు చేయాలి.

కమీషన్ ఏజెంట్లకు: అనకాపల్లి మార్కెట్లో కమీషన్‌పై బెల్లం అమ్మిపెట్టేవారికి అంచనా పద్ధతి వర్తించదు. రైతు సరుకు విలువ వీరి అమ్మకాల కిందికి రాదు. వచ్చిన కమీషన్ నుంచి ఖర్చులు తీసివేసి ఆదాయం చూపాలి. కమీషన్‌పై టీడీఎస్ కోత పడి ఉంటే రిటర్ను వేస్తేనే ఆ సొమ్ము తిరిగి వస్తుంది.

సరుకు రవాణా వాహనదారులకు: పది వాహనాలకు మించనివారికి వేరే లెక్క ఉంది. చిన్న వాహనానికి నెలకు రూ.7,500 చొప్పున ఏడాదికి రూ.90 వేలు ఆదాయంగా చూపితే సరిపోతుంది.

1961 నాటి చట్టం స్థానంలో వచ్చిన ఆదాయపు పన్ను చట్టం-2025 అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. 2025-26 ఆదాయానికి మాత్రం పాత చట్టమే వర్తిస్తుంది.