బొర్రా ఊళ్ల కేసు నేర్పిన పని

మన చదువుకున్న పిల్లలు కొందరు ఇప్పుడు స్వచ్ఛంద సంస్థల్లో పనిచేస్తున్నారు. సర్వేలు రాస్తున్నారు, మీటింగులు పెడుతున్నారు. ఆ పనికి మన ఏజెన్సీలోనే ఒక పెద్ద చరిత్ర ఉంది. అది వాళ్లకు తెలియాలి.

బొర్రా గుహల చుట్టూ అనంతగిరి మండలంలో ఆదివాసీ ఊళ్లున్నాయి. ఆ నేల కింద కాల్సైట్, మైకా ఉన్నాయి. ప్రభుత్వం అక్కడ గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులిచ్చింది. తరతరాలుగా దున్నుకుంటున్నా చాలామందికి పట్టాలు లేవు. కాగితం లేని భూమి సర్కారు భూమి కింద లెక్క.

అక్కడ పనిచేస్తున్న 'సమత' అనే సంస్థ 1993లో హైకోర్టుకు వెళ్లింది. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో ఏ వ్యక్తీ భూమిని గిరిజనేతరులకు ఇవ్వకూడదు. మరి ప్రభుత్వం ఎలా ఇచ్చింది? ఆ 'వ్యక్తి'లోకి ప్రభుత్వం రాదని సర్కారు వాదించింది. 1995లో హైకోర్టు కేసు కొట్టేసింది. సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1997 జూలై 11న తీర్పు వచ్చింది. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఒకరు విభేదించారు. మిగతా ఇద్దరి మాట నిలిచింది: 'వ్యక్తి' అంటే ప్రభుత్వం కూడా; గిరిజనేతరులకిచ్చిన లీజులు చెల్లవు. గనులు తవ్వితే ప్రభుత్వ ఖనిజ సంస్థ గాని, గిరిజన సహకార సంఘం గాని తవ్వాలి. నికర లాభంలో కనీసం 20 శాతం నీళ్లు, బడులు, ఆసుపత్రులు, రోడ్ల కోసం పక్కన పెట్టాలి.

తీర్పుతో పోరాటం అయిపోలేదు. 2005లో విశాఖ మన్యం బాక్సైట్ కోసం కొత్త దారి వెతికారు: తవ్వేది ప్రభుత్వ సంస్థ, ఖనిజం వెళ్లేది ప్రైవేటు ఫ్యాక్టరీకి. ఈసారి ఊళ్లే ముందు నిలబడి వద్దన్నాయి. జెర్రెల బాక్సైట్ కోసం 2015లో ఇచ్చిన 97వ నంబరు జీవో 2019లో రద్దయింది.

కోర్టుకు లీజు కాపీ, సర్వే నంబరు కావాలి. ఏ గట్టు ఎవరిదో, ఏ వాగు ఎక్కడ పుడుతుందో చెప్పేది మాత్రం ఊరి పెద్దలే. ఈ రెండింటినీ కలపడమే సంస్థలో పనిచేసేవాళ్ల అసలు పని. ప్రాజెక్టు మూడేళ్లకో ఐదేళ్లకో ముగుస్తుంది, జీపు వెళ్లిపోతుంది. అప్పటికి 1/70 ఏమిటో ఊళ్లో పదిమంది సొంత భాషలో చెప్పగలగాలి. టీచర్లుగా మనం ఆ పాఠం ఏ ప్రాజెక్టూ రాకముందే, మన బడిలోనే మొదలుపెట్టవచ్చు.