పాస్‌వర్డుల చిట్టా

బ్యాంకు లెక్క చూచుకొనవలెనన్నను, రైలు టిక్కెట్టు తీసికొనవలెనన్నను, కరెంటు బిల్లు కట్టవలెనన్నను నేడు ఇంటింట ఎవరో ఒకరు తమ పేరును, దానితో ఒక పాస్‌వర్డును కొట్టుచునే యున్నారు. ఆ మాట అవతలికి పోయి ఏమగుచున్నది? అవతల ఒక చిట్టా యున్నదనియు, అందు మన పేరున కెదురుగా మన పాస్‌వర్డు వ్రాసియున్నదనియు, యంత్రము రెండింటిని సరిచూచి మనలను లోనికి విడుచుననియు చాలమంది తలంతురు. మేమును చాలకాలము అట్లే తలంచితిమి. చిట్టా యున్న మాట నిజమే. అయితే ఆ చిట్టాలో పాస్‌వర్డు ఉండరాదని తెలిసికొనుటకు కంప్యూటరు పండితులకే కొన్ని యేండ్లు పట్టినది. ఆ కథయే నేటి మా ప్రసంగము.

సంకేతపదము క్రొత్తది కాదు. రాత్రివేళ శిబిరములోనికి వచ్చువానిని కావలివాడు ‘మాట’ అడుగుట రోమను సైన్యములలోను కలదు. కాని ఆ మాట శిబిరమునకంతటికి ఒక్కటే, తెల్లవారిన మారిపోవును. మనిషికొక రహస్యము, ఆ రహస్యములన్నిటికి ఒక చిట్టా, ఆ చిట్టాను కాపాడుటకు ఒక మనిషి – ఈ యేర్పాటు కంప్యూటరుతో వచ్చినది.

1961 నవంబరులో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కార్బటో అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును ఒకే కంప్యూటరును పలువురు ఏకకాలమున వాడుకొను పద్ధతిని ప్రదర్శించిరి. దానికి సి.టి.ఎస్.ఎస్. అని పేరు. ఒక్కొక్కరు ఒక్కొక్క టైపు యంత్రము ముందు కూర్చుందురు. పెద్ద యంత్రము ఒకరి పని కొంత, వేరొకరి పని కొంత రెప్పపాటులో చేసిపెట్టుచు, అందరికిని తమ కొక్కరికే పనిచేయుచున్నట్లు భ్రమ కలిగించును. ఒకే యింట పది కుటుంబములు కాపురమున్నట్టి ఈ యేర్పాటులో ఎవరి గదికి వారికి తాళము అవసరమైనది. ఎవరి కాగితములు వారివి, ఎవరి సమయభాగము వారిది. కావున మనిషికొక పాస్‌వర్డు ఏర్పరచిరి. అవి యన్నియు ఉన్నవి ఉన్నట్లుగా ఒక ఫైలులో వ్రాసి ఆ యంత్రములోనే దాచిరి.

ఆ తాళము ఎంతోకాలము నిలువలేదు. అలెన్ షెర్ అను పరిశోధక విద్యార్థికి వారమునకు నాలుగు గంటల సమయము కేటాయించిరి. ఆయన సిద్ధాంతవ్యాసమునకు అది చాలదయ్యెను. యంత్రములోని ఏ ఫైలునైనను కాగితముపై అచ్చొత్తించుకొనుటకు అచ్చట ఒక మార్గముండెను: లెక్క సంఖ్యయు, ఫైలు పేరును కార్డుపై గుద్ది యిచ్చిన చాలును. 1962లో ఒక శుక్రవారము రాత్రి ఆయన పాస్‌వర్డుల ఫైలు పేరునే వ్రాసి కార్డు ఇచ్చెను. శనివారము ఉదయము అందరి పాస్‌వర్డులును అచ్చు కాగితములపై ఆయనకై సిద్ధముగా నుండెను! ఇతరుల సమయముతో ఆయన పరిశోధన సాగిపోయెను. పాతికేండ్ల తరువాత గాని ఆయన ఈ సంగతి బయటపెట్టలేదు. ఇది దొంగతనమే యైనను, ఇందులో తాళము పగులగొట్టుట ఎక్కడను లేదని శ్రోతలు గమనింతురు గాక. అడిగినాడు, ఇచ్చిరి.

రెండవ సంఘటనలో దొంగయే లేడు. 1966లో ఒకనాటి సాయంకాలము సి.టి.ఎస్.ఎస్.లో ప్రవేశించిన ప్రతివారికిని మామూలుగా కనబడు ‘నేటి ప్రకటన’కు బదులు పాస్‌వర్డుల చిట్టా మొదటినుండి తుదివరకు టైపయి రాసాగెను. పదునైదు ఇరువది నిమిషములు అట్లే జరిగినది. చివరకు ఎవరో మంచివారు ఫోను చేసి ‘ఇట్లు వచ్చుచున్నది, మీకు తెలియునా?’ అని అడుగగా యంత్రమును హుటాహుటి ఆపి, అందరి పాస్‌వర్డులను మార్పించవలసి వచ్చెను.

ఇది ఎట్లు జరిగినది? ఫైళ్లను సవరించు ఎడిటరు, పని నడుచుచున్నంతసేపు ఒక తాత్కాలిక ప్రతిని ఉంచుకొనును. ఆ తాత్కాలిక ప్రతికి ఎప్పుడును ఒకటే పేరు. నిర్వాహకుడు ఒక్కడే కూర్చుండి పనిచేయునంతకాలము అందులో ఇబ్బంది లేదు. పని పెరిగి, ఒకే సమయమున ఇద్దరు నిర్వాహకులు ఒకే చోట కూర్చుండి, ఒకరు ప్రకటనను, వేరొకరు పాస్‌వర్డుల ఫైలును సవరింపగా, రెండు తాత్కాలిక ప్రతులును తారుమారయ్యెను. ఇరువురును తమ పనిని నియమము తప్పక చేసినవారే. కార్బటో తరువాతి కాలమున కంప్యూటరు శాస్త్రములో అత్యున్నతమైన ట్యూరింగు బహుమానమును అందుకొన్న సందర్భమున, తన ఉపన్యాసములో తన యింటి పరాభవమునే ఉదాహరణగా చెప్పుకొనెను. ఈ గుణము మా మనస్సునకు ఎంతయో నచ్చినది.

ఇక ఇంగ్లండునకు పోదము. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో టైటన్ అను కంప్యూటరు ఉండెను. అదియు పలువురు పంచుకొనునదే. చిట్టాను ఎంత దాచినను ఏదో యొకనాడు బయటపడక మానదు గదా. అట్టిచో బయటపడినను నష్టము లేని చిట్టాను వ్రాయలేమా అని రోజర్ నీడ్‌హామ్ అను శాస్త్రజ్ఞుడు ఆలోచించెను. 1967 ప్రాంతమున ఆయన కనుగొన్న ఉపాయము మన వంటయింటి మాటలో చెప్పదగినదే. బియ్యమును పిండి చేయవచ్చును. పిండిని బియ్యము చేయలేము. పాస్‌వర్డును ఒక లెక్కలో వేసి పిండి చేసి, ఆ పిండిని మాత్రమే చిట్టాలో ఉంచవలెను. మనిషి వచ్చి పాస్‌వర్డు చెప్పినప్పుడు, ఆ చెప్పినదానిని మరల అదే విధముగా పిండి చేసి, పిండికి పిండి సరిచూడవలెను. ఏ బియ్యపు పిండియైనను ఒకటే కదా అని ఇల్లాండ్రు ఆక్షేపింతురేమో! ఈ లెక్కలో ఒక అక్షరము మారినను పిండి వేరగును. అంతవరకు మా ఉపమానము కుంటినడకయే. కంప్యూటరు వారు ఈ పిండిని హ్యాష్ అందురు. దీనితో నిర్వాహకునకు సయితము తన చిట్టాలోని పాస్‌వర్డులు తెలియకుండపోయెను. తాళపుచెవుల కాపరికే చెవులు కనబడని ఈ యేర్పాటు, తక్కినవన్నియు పుట్టుటకు మూలము.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలవారి యునిక్స్ పద్ధతి మొదట పాస్‌వర్డులను ఉన్నవి ఉన్నట్లే దాచి, త్వరలోనే పిండి పద్ధతికి మారెను. ఆ ధైర్యముతో చిట్టాను అందరును చదువునట్లు తెరచియే ఉంచిరి. కాని పిండిని బియ్యము చేయలేకున్నను, దొంగ వేరొక పని చేయగలడు: తానే నిఘంటువులోని మాటల నన్నిటిని ఒక్కొక్కటిగా పిండి చేసి పోల్చిచూడగలడు. 1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అను వారు ప్రకటించిన వ్యాసములో లెక్కలున్నవి. వారు సేకరించిన 3,289 పాస్‌వర్డులలో 2,831, అనగా నూటికి 86, సులభముగా ఊహింపదగినవే. ఒక్క అక్షరమునే పాస్‌వర్డుగా పెట్టుకొన్న మహానుభావులు అందులో 15 మంది!

దానికి వారు చేసిన మందులు రెండు. మొదటిది, పిండి చేయుటను కావలెననియే నెమ్మది చేయుట: ఒక సాంకేతిక లిపిలో ఇరువదియైదు మారులు త్రిప్పుట. తలుపువద్ద నిలిచిన మనిషికి ఆ ఆలస్యము తెలియదు. నిఘంటువంతయు త్రిప్పవలసిన దొంగకు మిగుల తెలియును. రెండవది ఉప్పు. పిండి చేయుటకు ముందు ప్రతివారి పాస్‌వర్డులోను 4,096 రకములలో ఏదో యొక ఉప్పు కలుపుదురు. ఏ ఉప్పు కలిపిరో పక్కనే బహిరంగముగా వ్రాయుదురు. అందువలన ఇద్దరు ఒకే మాట పెట్టుకొన్నను చిట్టాలో రెండు వేరుగా కనబడును. దొంగ ఒక్కమారు పిండి చేసినది అందరికి పనికిరాదు. ఉప్పు అను పేరు వారు పెట్టినదే, మాది కాదు.

1988 నవంబరులో ఆ మోరిస్ గారి కుమారుడే విడిచిన పురుగువంటి కార్యక్రమము వేలకొలది యంత్రములను స్తంభింపజేసినది. అది వాడిన మార్గములలో ఒకటి 432 మాటల చిన్న జాబితాతో పాస్‌వర్డులను ఊహించుట. తండ్రి వ్రాసిన హెచ్చరికను కొడుకు నిరూపించెనన్నమాట. పిండిని సయితము అందరికంట పడకుండ వేరు ఫైలులో దాచుట ఆ కాలముననే వ్యాపించినది.

ఇంతవరకు ఒక యంత్రము, దానిని పంచుకొను కొందరు. 1993లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున విద్యార్థిగా నున్న రాబ్ మెకూల్ వెబ్ సర్వరు నొకదానిని వ్రాసెను. అడిగినవారికి పుటలను అందించు కార్యక్రమమది. దాని పునాదిపై 1995లో అపాచీ సర్వరు పుట్టెను. కొన్ని పుటలను అందరికిని, కొన్నిటిని కొందరికే చూపవలెనన్న కోరిక వెంటనే కలిగినది. అందుకై మరల ఒక చిట్టా! హెచ్‌.టి.పాస్‌వర్డ్ అను చిన్న పనిముట్టు దానిని వ్రాయును. వరుసకొక మనిషి: పేరు, రెండు చుక్కలు, పిండి.

యంత్రమునకు ఉన్న చిట్టానే వెబ్ పుటలకును వాడరాదా? కూడదని అపాచీవారు మొదటినుండి హెచ్చరించిరి. వెబ్‌లోని సాదా పద్ధతిలో పాస్‌వర్డు ప్రతి పుటతోను, ప్రతి బొమ్మతోను మరల మరల తీగపై పోవును. అది పోవునప్పుడు అక్షరముల వేషము మారును గాని రహస్యము కాదు; తెలుగు మాటను వేరొక లిపిలో వ్రాసినట్లే, ఎవరైనను విప్పి చదువవచ్చును. తీగనంతటిని గుప్తము చేసిన గాని అది క్షేమము కాదు. పైగా ఎన్నిమారులు తప్పు చెప్పినను ఆ తలుపు విసుగుకొనదు.

చిట్టా నడుపుటలోని కష్టములు చిన్నవే, కాని నొప్పించును. చిట్టాను పుటలతోబాటు ఒకే చోట ఉంచిన, అడిగినవారికి పుటవలెనే అదియు అందును. షెర్ కార్డు కథయే మరల జరుగును. క్రొత్త చిట్టా మొదలుపెట్టునప్పుడు ఆజ్ఞలో ‘సి’ అను ఆంగ్లాక్షరమును చేర్చవలెను. చిట్టా అదివరకే యున్నచో ఆ అక్షరము మారు మాట అడుగక దానిని తుడిచివేయును. మేము కొంతకాలము పనిచేసిన ఒక కార్యాలయములో క్రొత్త గుమాస్తా పేరు చేర్చబోయి, పాత కాగితములోని ఆజ్ఞను చూచి అట్లే కొట్టిరి. మరునాడు ఆ క్రొత్త గుమాస్తా ఒక్కడే లోపల; మేము నలువదిమందిమి బయట! నకలు లేదు. నిర్వాహకునకు మా పాస్‌వర్డులు తెలియవు గనుక ఒక్కొక్కరిని పిలిచి క్రొత్తవి కొట్టించుకొనిరి. అన్నిటికంటె వింత, పదవీ విరమణ చేసి రెండేండ్లయిన ఇద్దరు ‘మాకు తలుపు తెరచుకొనుట లేదు’ అని ఫోను చేయుట. వారి పేర్లు అన్నాళ్లును చిట్టాలో నుండెనని అప్పుడు గాని ఎవరికిని తెలియలేదు.

పిండి మరలును కాలముతోబాటు పాతబడినది. 1979 నాటి పద్ధతి మొదటి ఎనిమిది అక్షరములనే చూచెడిది. హైదరాబాదు అను మాట ఆంగ్లమున తొమ్మిదక్షరములు. చివరి అక్షరమును, దాని తరువాత ఎన్ని అంకెలు చేర్చినను వానిని, అది లెక్కించదు! 1994లో పౌల్ హెన్నింగ్ కాంప్ వేయి మారులు త్రిప్పు పద్ధతిని రచించెను. దాని రూపాంతరమునే అపాచీ తీసికొనెను. 1999లో ప్రొవోస్, మాజియేర్ అనువారు బీక్రిప్ట్ అను పద్ధతిని తెచ్చిరి. యంత్రముల వేగము పెరిగినకొలది త్రిప్పుటను పెంచుకొనవచ్చుననుట దాని విశేషము. 2012లో కాంప్ తన పద్ధతికి కాలము చెల్లినదని, దానిని విడువుడని తానే ప్రకటించెను. అయినను ఎన్నో చిట్టాలలో ఆ పాత పిండియే కలదు. నిర్వాహకుడు దానిని తాను మార్చలేడు, యజమాని వచ్చి మరల తన మాట చెప్పిన గాని క్రొత్త పిండి తయారు కాదు.

2014లో ఒక పత్రికవారు కార్బటోను పలుకరించిరి. అప్పటికి ఆయనకు 87 ఏండ్లు. పాస్‌వర్డుల వ్యవహారము వెబ్ రాకతో పీడకలగా మారినదని ఆయన అనెను. తమవి ఎట్లు జ్ఞాపకముంచుకొందురని అడుగగా, ఒక కాగితముపై టైపు చేసి ఉంచుకొంటిననియు, ఆ జాబితా మూడు పుటలనియు ఒప్పుకొనెను.