చిన్న చెరువు కట్టల భద్రతా తనిఖీ: ఉస్మానియా, తార్నాక పరిసరాలు

చెరువు కట్టల భద్రతా తనిఖీ అంటే చిన్న చెరువులు, కుంటల మట్టికట్టలను, అలుగులను, తూములను ఏటా కాలినడకన పరిశీలించి, గండి పడే లక్షణాలను ముందే పసిగట్టడం. పెద్ద ప్రాజెక్టుల మీద ఇంజినీర్లుంటారు, కొలత పరికరాలుంటాయి, వెనక చట్టం ఉంటుంది. కాలనీ పక్కన ఉన్న కుంటకు సాధారణంగా ఇవేవీ ఉండవు. కట్ట నాలుగైదు మీటర్ల ఎత్తే కదా అన్న ధీమాతో దాన్ని ఎవరూ పట్టించుకోరు.

ఆ ధీమా తప్పు. కట్టతో ఎంత ముప్పుందో తేల్చేటప్పుడు రెండు ప్రశ్నలు వేరువేరుగా అడగాలి. కట్ట ఏ స్థితిలో ఉందన్నది మొదటిది. అది తెగితే నీళ్లు ఎవరి మీద పడతాయన్నది రెండోది. ఒకప్పుడు కట్ట కింద ఆయకట్టు ఉండేది, గండి పడితే పంట పోయేది. ఇప్పుడు అదే ఆయకట్టులో ఇళ్లు, బడులు, సెల్లారు పార్కింగులు వచ్చాయి. కట్ట మారకపోయినా దాని ముప్పు స్థాయి ఎన్నో రెట్లు పెరిగింది. అందుకే డ్యామ్‌ల నిపుణులు ముప్పు తరగతిని కట్ట బలాన్ని బట్టి కాక, దిగువన ఉన్న ప్రాణాలను, ఆస్తులను బట్టి నిర్ణయిస్తారు.

పరిసరాలు

1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అడిక్‌మెట్‌లో శాశ్వత క్యాంపస్ కట్టారు. గ్రానైటు బండలు, వాటి మీద పలచటి మొరం, ఎర్రమట్టి ఇక్కడి నేల తీరు. ఇలాంటి నేలలో వాన తొందరగా ఇంకదు, వాలు పట్టుకొని మూసీ వైపు దిగుతుంది. ఆ దారిలో, చుట్టుపక్కల మిగిలిన చెరువులే నాచారం పెద్ద చెరువు, హెచ్‌ఎంటీ నగర్ పటేల్ కుంట, రామంతాపూర్ చెరువులు, బాగ్ అంబర్‌పేట బతుకమ్మ కుంట. పాతకాలంలో ఒక చెరువు అలుగు దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరేవి. ఈ గొలుసుకట్టు పద్ధతిలో మేలూ ఉంది, కీడూ ఉంది. పైన ఒక కట్ట తెగితే కింది చెరువుకు తన వానతో పాటు పైచెరువు మొత్తం ఒక్కసారిగా వచ్చి పడుతుంది.

2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 32 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. తార్నాకను ఆనుకొని ఉన్న హబ్సిగూడ, ఆ కింద రామంతాపూర్ కాలనీలు నీట మునిగాయి. కొద్ది రోజులకే నగరానికి దక్షిణాన బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబానగర్ మునిగింది.

క్యాంపస్ పక్కనే ఉన్న మాణికేశ్వరి నగర్‌ను జనం వడ్డెర బస్తీ అనే పిలుస్తారు. తెలుగునాట చెరువు తవ్వి, మట్టి మోసి, రాయి పేర్చి కట్టలు నిలబెట్టినవారిలో వడ్డెరలది పెద్ద పాలు. కట్ట బాగోగులు కనిపెట్టి తూము తెరిచి మూసే పని ఊళ్లలో నీరటిది. ఇప్పుడు తనిఖీ అని మనం పిలిచే పని చాలావరకు నీరటి రోజువారీ నడకలోనే జరిగిపోయేది. నగరంలో ఆ కొలువు పోయింది. దాని స్థానంలో ఇంకొకటి రాలేదు.

పాత అనుభవం

కట్ట జబ్బుల గురించి మనవాళ్లు రాతిలో చెక్కించి పెట్టారు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, చెరువుకు ఉండకూడని ఆరు దోషాలను చెబుతుంది. ఆ దోషాల్లో కట్ట నుంచి నీరు ఊరడం ఒకటి. విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించిన ఆ చెరువు పనిలో రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేశాయని శాసనంలోనే ఉంది.

హైదరాబాదుకు మరచిపోరాని పాఠం 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద. నది పొంగడం ఒక్కటే ఆ విపత్తుకు కారణం కాదు. ఎగువ పరివాహకంలో ఉన్న 788 చెరువుల్లో 221 తెగిపోయాయని మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్కతేల్చారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ పుట్టింది ఆయన సిఫారసులతోనే.

అలుగు లెక్క

మట్టికట్ట తెగడానికి ప్రధాన కారణాలు మూడు: నీరు కట్ట మీదుగా పొర్లడం, కట్ట లోపల బుంగ పడటం, వాలు జారిపోవడం. మొదటిదాన్ని ఆపేది అలుగు, అంటే మత్తడి. తనిఖీకి వెళ్లినవారు అక్కడినుంచే మొదలుపెట్టడం మంచిది.

అలుగు మీద దుంకే నీటి పరిమాణం దాని మందంతో సమానంగా పెరగదు, అంతకంటే వేగంగా పెరుగుతుంది. పది మీటర్ల అలుగు మీద 30 సెంటీమీటర్ల మందాన దుంకితే సెకనుకు సుమారు 2.8 ఘనపు మీటర్లు పోతాయి. 60 సెంటీమీటర్లయితే సుమారు 8 పోతాయి. ఇప్పుడు వాన వైపు నుంచి చూద్దాం. చదరపు కిలోమీటరు కాంక్రీటు కాలనీ మీద గంటలో 10 సెంటీమీటర్ల వాన పడితే లక్ష ఘనపు మీటర్ల నీరు. అందులో సగమే ఆ గంటలో వచ్చినా సెకనుకు దాదాపు 14 ఘనపు మీటర్లు. చెరువు అప్పటికే నిండి ఉంటే అదే పది మీటర్ల అలుగు మీద నీరు దాదాపు 90 సెంటీమీటర్ల మందం ఎక్కాలి. కట్టపైభాగం అలుగుకన్నా అంత ఎత్తు లేకపోతే నీరు కట్ట మీదుగా పారుతుంది. మట్టికట్ట దాన్ని ఎక్కువసేపు తట్టుకోలేదు.

అందువల్ల నీళ్లు ఇంకొంచెం నిలవాలని అలుగు మీద ఒక వరస ఇటుక పేర్చడం, చేపలు పోకుండా వల కట్టడం చిన్న తప్పులు కావు. గుర్రపుడెక్క, ప్లాస్టిక్, నిమజ్జనం తర్వాత మిగిలిన విగ్రహాల చట్రాలు అలుగుకు అడ్డంపడ్డా ఫలితం అదే. అలుగు దిగువన నాలా ఎంత వెడల్పు మిగిలిందో కూడా టేపు పెట్టి కొలవాలి.

ఊట, బుంగ

ప్రతి మట్టికట్టలోనూ కొంత నీరు ఊరుతుంది. అది ఎక్కడ ఊరుతోంది, ఎంత ఊరుతోంది, దానితో మట్టి వస్తోందా అన్నదే అసలు సంగతి. అందుకే చెరువు నిండుగా ఉన్నప్పుడు కట్ట బయటి వాలు పాదం వెంట నడవాలి. చాలామంది కట్ట మీద రోడ్డున నడిచి, నీళ్లవైపు చూసి వెళ్లిపోతారు. ప్రమాదం వారి వెనకవైపు ఉంటుంది. చుట్టూ ఎండిన గడ్డి మధ్య ఒకచోట పచ్చగా తుంగ మొలిచిందంటే అక్కడ చెమ్మ ఉన్నట్టే. కాలు వేస్తే నేల మెత్తగా దిగితే అక్కడ మేకు పాతి గుర్తుపెట్టాలి.

ఊటనీటిని గాజు సీసాలో పట్టి కాసేపు నిలవనివ్వాలి. తేటగా ఉంటే కనిపెట్టి ఉండవచ్చు. అడుగున మట్టి పేరితే కట్ట లోపలినుంచి కరిగి బయటికి వస్తోందని అర్థం. బుంగ అలాగే మొదలవుతుంది: బయటివైపు సన్నటి రంధ్రం పడి, లోలోపల పెరుగుతూ నీళ్లవైపు సాగుతుంది. ఊట ఎంతుందో తెలియడానికి వీ ఆకారపు గంటు కోసిన రేకు చాలు. 90 డిగ్రీల గంటులో నీరు 5 సెంటీమీటర్ల ఎత్తున పారితే సెకనుకు 0.8 లీటరు కన్నా కాస్త తక్కువ. 10 సెంటీమీటర్లయితే 4 లీటర్లకు పైగా. చెరువు మట్టం పెరగకుండానే ఈ అంకె పెరిగితే వెంటనే ఇంజినీరుకు కబురు పెట్టాలి.

తూము పక్కన ఇంకా జాగ్రత్తగా చూడాలి. రాతికీ మట్టికీ, పైపుకూ మట్టికీ అతుకు సరిగా ఉండదు. నీరు ఆ సందును వెతుక్కుంటుంది. చెదపుట్టలు, ఎలుక బొరియలు, పీతల కన్నాలు, సర్కారు తుమ్మ వేళ్లు కూడా దారులే. పెద్ద చెట్టును నరికి వదిలేస్తే వేళ్లు కుళ్లి లోపల గొట్టాల్లాంటి ఖాళీలు మిగులుతాయి. కాబట్టి నిపుణుల సలహాతో వేరు తీసి, మట్టి పొరలుగా నింపి దట్టించాలి.

నగరం చేసే గాయాలు వేరే ఉన్నాయి. డ్రైనేజీ పైపు కోసం కట్టను తొలచడం, కేబుళ్లు పాతడం, పాదం దగ్గర మట్టి తవ్వి ప్లాటు చదును చేయడం, కట్టను రోడ్డుగా మార్చి లారీలు తిప్పడం. లారీలు తిరిగినచోట కట్ట కుంగి పల్లం అవుతుంది. వరద వస్తే నీరు మొదట పొర్లేది ఆ పల్లంలోంచే.

ఎవరిది చెరువు?

ఈ ప్రాంతంలో సొంత చెరువు, సర్కారు చెరువు అన్న గీత తిన్నగా ఉండదు. చాలా కుంటల్లో నీళ్లు నిలిచే శిఖం భూమికి పట్టాదారులుంటారు. నీరు తగ్గాక సాగు చేసుకోవచ్చుగానీ పూడ్చే హక్కు వారికి లేదు. కట్ట, అలుగు, నాలా, ఆక్రమణల బాధ్యతలు నీటిపారుదల, రెవెన్యూ, జీహెచ్‌ఎంసీ, హెచ్‌ఎండీఏ, 2024లో ఏర్పడిన హైడ్రాల మధ్య చీలిపోయాయి. 2012 నాటి భవన నిబంధనలు పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, అంతకు తక్కువైతే 9 మీటర్లు వదలమంటాయి. అది పూర్తి నీటిమట్టం అంచునుంచి లెక్క. కట్ట తెగితే నీరు పోయే దారిలో ఎవరున్నారో అది చెప్పదు.

2021 డ్యామ్ భద్రతా చట్టం వానాకాలానికి ముందూ తర్వాతా తనిఖీ తప్పనిసరి చేసింది. అయితే 15 మీటర్లకు మించిన డ్యామ్‌లకు, లేదా 10 నుంచి 15 మీటర్ల మధ్య ఎత్తుండి 500 మీటర్ల పొడవో పది లక్షల ఘనపు మీటర్ల నిల్వో మరో నిర్దిష్ట లక్షణమో ఉన్నవాటికే అది వర్తిస్తుంది. ఊరచెరువులు చాలావరకు దీని బయటే ఉంటాయి.

ఈ లోటు ఎంత పెద్దదో అమెరికాలోని ఒక కాలేజీ చెరువు చెబుతుంది. జార్జియా రాష్ట్రంలో టొకోవా ఫాల్స్ బైబిల్ కాలేజీకి చెందిన కెల్లీ బార్న్స్ డ్యామ్ 1977 నవంబరు 6 తెల్లవారుజామున, కుండపోత తర్వాత తెగింది. దిగువ క్యాంపస్‌లో 39 మంది చనిపోయారు. ఎత్తు 12 మీటర్ల లోపు, పొడవు 120 మీటర్ల చిల్లర, వదిలిన నీరు సుమారు 7.8 లక్షల ఘనపు మీటర్లు. పొడవు, నిల్వ కొలతల్లో మన చట్టపు గీతలను అది దాటదు. 1973లోనే దాని బయటి వాలు జారింది, కట్ట మీద చెట్లు పెరిగాయి. డ్యామ్ తెగిన తర్వాతే అధ్యక్షుడు కార్టర్ దేశవ్యాప్తంగా ముప్పు ఎక్కువున్న ఫెడరలేతర డ్యామ్‌ల తనిఖీకి ఆదేశించారు. మరుసటి ఏడాది జార్జియా తన సొంత చట్టం చేసుకుంది. దిగువన నలభై ఇళ్లున్న కుంటను ఎత్తుతో నిమిత్తం లేకుండా చట్టంలోకి తేవడం ఇక్కడా జరగాలి.

పని చేయగలవారు

తార్నాక చుట్టుపక్కల ఈ పనికి తగిన విద్యకు కొదవ లేదు. ఉస్మానియాలో ఇంజినీరింగ్ కాలేజీ, భూగర్భశాస్త్రం, భూభౌతికశాస్త్రం విభాగాలున్నాయి. 1961లో స్థాపించిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉప్పల్ రోడ్డు మీదే ఉంది. నేలలోకి కొద్దిపాటి కరెంటు పంపి నిరోధకత కొలిచే పద్ధతితో కట్ట లోపల తడిసిన చోట్లను తవ్వకుండానే గుర్తించవచ్చు. మేలో ఒకసారి, చెరువు నిండాక ఒకసారి విద్యార్థులు కట్ట నడిచి, ఒకే గుర్తు దగ్గర నిలబడి ఫొటో తీసి, ఊటను కొలిచి నమోదు చేస్తే మూడునాలుగేళ్లలో ప్రతి కట్టకూ ఒక చరిత్ర తయారవుతుంది. పాత అంకె లేకపోతే కొత్త అంకెకు అర్థం ఉండదు.

బుంగ కనబడితే

బురదనీరు పొంగుతుంటే ముందు దిగువ ఇళ్లవాళ్లను ఖాళీ చేయించాలి. బయటివైపు రంధ్రంలో మట్టి, బట్టలు కుక్కకూడదు. నీరు పక్కనుంచి ఇంకో దారి చేసుకుంటుంది. రంధ్రం మీద ముందు ముతక ఇసుక, దానిపై కంకర, ఆపైన రాళ్లు పోస్తే నీరు బయటికి పోతుంది, మట్టి ఆగుతుంది. చుట్టూ ఇసుక బస్తాలు వలయంగా పేరిస్తే లోపల నీరు నిలిచి వేగం తగ్గుతుంది. తూము తెరిచి చెరువు మట్టం దించాలి, కానీ నిదానంగా. ఒక్కసారిగా దించితే నీళ్లలో నానిన లోపలి వాలు కిందికి జారుతుంది. కట్టను కోసి నీరు వదలాల్సి వస్తే ఇంజినీరు సమక్షంలో, అలుగు వైపు గట్టినేల ఉన్నచోటే కోయాలి.