సెంట్ జార్జి కోట కళాశాల - మరుగుపడిన తెలుగు గురువులు

చెన్నపట్టణమున నుంగంబాకము ప్రాంతమందు కాలేజి రోడ్డను వీథి యొకటి కలదు. ఆ వీథికి పేరిచ్చిన కళాశాల మూతపడి నూట డెబ్బది యేండ్లు దాటినది. దానిపేరు సెంట్ జార్జి కోట కళాశాల. ఆ పేరు నెరిగినవారు నేడరుదు. ఆధునిక కాలమున తెలుగు వ్యాకరణమునకును, నిఘంటువునకును, అచ్చుపడిన తెలుగు వచనమునకును తొలి పనులు పెక్కులు జరిగిన తావులలో నది ముఖ్యమైనది. కావున దాని చరిత్రమును తెలిసికొనుట తెలుగువారికి విధాయకము.

ఉత్తర సర్కారులు, దత్తమండలములు, నెల్లూరు సీమ క్రమక్రమముగా కుంఫిణీవారి యధీనమైన పిదప పరిపాలనమునకు ఒక పెద్ద చిక్కు కలిగెను. గ్రామకరణము వ్రాసిన లెక్క తెలుగున నుండును. దానిపై నుత్తరువు వ్రాయవలసిన కలెక్టరునకు తెలుగు రాదు. రైతు మొరపెట్టుకొనిన దొరకు తెలియదు. దొర చెప్పినది రైతునకు తెలియదు. ఈ యిరువురి నడుమను నిలిచినవాడు ద్విభాషి. ఆ మాటయే వాడుకలో దుబాసి యైనది. దుబాసి చెప్పినదే అర్జీ, దుబాసి చెప్పినదే తీర్పు. ఇట్టి స్థితిలో పన్ను వసూలు సాగవలెనన్నను, ప్రజల మొర వినవలెనన్నను దొరలు దేశభాషలు నేర్వక తప్పదని దొరతనమువారు గ్రహించిరి. కలకత్తాలో 1800 సంవత్సరముననే ఫోర్టు విలియము కళాశాల వెలసియుండెను. చెన్నపురిలో నట్టిది 1812లో నెలకొన్నది. దీనికి పాటుపడినవారిలో ముఖ్యుడు అప్పటి చెన్నపట్టణపు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిసు. అతడు తమిళమున గట్టివాడు, తిరుక్కురళునకు ఆంగ్లవ్యాఖ్య వ్రాయబూనినవాడు, సంస్కృతాంధ్రములందును పరిశ్రమ చేసినవాడు.

ఈ కళాశాల కుదురు విచిత్రమైనది. కలకత్తా కళాశాలలో పాఠము చెప్పుటకు దొరలైన ఆచార్యులు కలరు. చెన్నపురిలో అట్టివారు లేరు. పర్యవేక్షణమునకును, పరీక్షలకును దొరలతో గూడిన బోర్డు మాత్రముండెను. పాఠము చెప్పినవారందరును ఈ దేశపు పండితులే. ప్రధానోపాధ్యాయులు క్రింది యుపాధ్యాయులను తీర్చిదిద్దుచుండిరి. ఆ యుపాధ్యాయులు సీమనుండి నూతనముగ వచ్చిన యువోద్యోగులకు తెలుగు, తమిళము, కన్నడము మున్నగు భాషలు నేర్పుచుండిరి. దొరలకే కాక, న్యాయస్థానములలో పనిచేయగోరు దేశీయులకును ఇచ్చట ధర్మశాస్త్రము బోధింపబడుచుండెను.

శిష్యుడు పదునెనిమిదేండ్లవాడు, పాలకజాతివాడు. గురువు ఏండ్లతరబడి శాస్త్రాభ్యాసము చేసిన విద్వాంసుడు, నెలజీతముపై నున్నవాడు. శిష్యుడు రెండు భాషలలో పరీక్ష నిచ్చినగాని పై పదవి కెక్కలేడు. మిక్కిలి ప్రావీణ్యము చూపినవానికి వేయి వరహాల బహుమానము కూడ నేర్పరుపబడెను. అయినను ఆ యువకులలో పలువురు చదువుకంటె పట్టణపు విలాసములయందే మనసునిలిపి అప్పులపాలగుచుండిరి. అప్పిచ్చినవాని చేతిలో చిక్కిన యుద్యోగి రేపు జిల్లాకు పోయి ధర్మమెట్లు నిలుపగలడని పైవారికి బెంగగ నుండెడిది. శిష్యుడు చదివినను చదువకున్నను కొన్నాళ్లకు దొరయే యగును. గురువు మాత్రము గురువుగనే యుండిపోవును.

అట్లు వచ్చిన యువకులలో 1817లో చెన్నపట్టణమున దిగిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను ఒకడు. అప్పటి కతనికి తెలుగు ముక్క రాదు. వెలగపూడి కోదండరామ పంతులు అతనికి అక్షరములు దిద్దించెను. మూడేండ్ల పిదప 1820లో చదువు ముగించుకొని బ్రౌను కడపకు పోయెను. తరువాతి కాలమున అతడు తాటాకు గ్రంథములను సేకరించుటయు, సొంతధనముతో పండితులను పోషించి కావ్యములను పరిష్కరింపజేయుటయు, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించుటయు తెలుగువా రెరిగినదే. బ్రౌను పేరు దేశమంతట నున్నది. అతనికి ఓనమాలు చెప్పిన పంతులుగారి పేరు ఎందరికి తెలియును?

కళాశాలకు సొంత ముద్రణాలయ ముండెను. పాఠము చెప్పవలెనన్న పుస్తకము కావలెను. అచ్చుపడిన తెలుగు పుస్తకములు అప్పటికి మిక్కిలి యరుదు. ఏ.డి. కాంబెలు రచించిన తెలుగు వ్యాకరణము 1816లో కళాశాల ముద్రణాలయమున అచ్చయ్యెను. దానికి ఉదయగిరి వేంకటనారాయణయ్యయు, వేదము పట్టాభిరామశాస్త్రియు తోడ్పడిరి. పట్టాభిరామశాస్త్రి సంస్కృతాంధ్రములందు ఉద్దండుడు. పద్యరూపమున తెలుగు వ్యాకరణమును రచించినవాడు. రావిపాటి గురుమూర్తిశాస్త్రి విద్యార్థుల కొరకు విక్రమార్కుని కథలను, పంచతంత్రమును వచనమున వ్రాసెను. కాంబెలు 1821లో ప్రకటించిన నిఘంటువునకు బందరు వాస్తవ్యుడైన మామిడి వెంకయ్య కూర్చిన ఆంధ్రదీపిక ముఖ్యాధారము. వెంకయ్య వర్తకుల కులమున బుట్టి, పాండిత్యముచే పేరొందినవాడు. 1823లో జె.సి. మారిసు ప్రకటించిన తెలుగు వాచకమునకు ఉత్తర సర్కారుల రెవిన్యూ పదముల పట్టిక చేర్చబడెను. అనగా పల్లెటూళ్ల చావడులలో కరణములు, రైతులు వాడుకొను మాటలు కళాశాల పుస్తకమున కెక్కినవి.

ఈ కళాశాల చేసిన సేవలలో తలమానికమైనది మరియొకటి కలదు. ఆనాటి పాశ్చాత్య విద్వాంసులు దక్షిణదేశపు భాషలు కూడ సంస్కృతమునుండియే పుట్టినవని తలచుచుండిరి. 1814లో తెలుగు వ్యాకరణమును ప్రకటించిన విలియము కేరీ అభిప్రాయము నట్టిదే. 1816లో కాంబెలు వ్యాకరణమునకు చేర్చిన యొక వ్యాసమున ఎల్లిసు దీనిని ఖండించి, తెలుగు, తమిళము, కన్నడము మున్నగునవి ఒకే కుటుంబమునకు చెందినవనియు, ఆ కుటుంబము సంస్కృతమునకు వేరనియు నిరూపించెను.

ఈ నిరూపణమునకు సాధనము లెక్కడివి? మన లాక్షణికులు తరతరములుగ తెలుగు పదములను తత్సమము, తద్భవము, దేశ్యము, గ్రామ్యము అని విభజించుచునే యుండిరి. ఆంధ్రదీపికా పీఠికలో మామిడి వెంకయ్య ఈ విభాగమును వివరించెను. ఎల్లిసు ఆ భాగమును ఆంగ్లమున ననువదించి తన వ్యాసమున నిలిపెను. తెలుగు ధాతువులకు పట్టాభిరామశాస్త్రి కూర్చిన పట్టిక నాధారముగ గొనెను. తత్సమ తద్భవములను తొలగించి మిగిలిన దేశ్యములను చూచినచో భాష యొక్క అసలు స్వరూపము తేటపడును. దీనిని చదువరులు తామే పరీక్షింపవచ్చును. తెలుగున కన్ను, తమిళమున కణ్, కన్నడమున కణ్ణు, సంస్కృతమున నేత్రము. తెలుగున ముక్కు, తమిళమున మూక్కు, కన్నడమున మూగు, సంస్కృతమున నాసిక. మొదటి మూడును తోబుట్టువులని పసివానికైనను తోచును. ఒకటి రెండు మాటలు చాలవు గనుక ఎల్లిసు ధాతువులను, పదములను, వాక్యముల కూర్పును వరుసగ పోల్చి చూపెను.

ఇందు ఎల్లిసు ప్రతిభను తక్కువ చేయరాదు. మూడు భాషల పట్టికలను ఒకచో బెట్టి పోల్చవలెనను ఊహ అతనిది. పండితులు లేనిచో ఆ పట్టికలు లేవు. ఎల్లిసు లేనిచో ఆ పోలిక లేదు. ఇది ఏ యొక్కని పనియు గాదు, ఒక కళాశాల పని. ఇంకొకటియు చెప్పవలెను. ఎల్లిసు తన వ్యాసమున మన పండితులను పేరుపెట్టి స్మరించెను. మరచినవారు తరువాతివారు. నలుబదేండ్లకు, 1856లో, కాల్డ్వెల్లు ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణమును ప్రకటింపగా కీర్తి అటు మరలెను. అంతట ఎల్లిసు పేరు వెనుకబడినది. పండితుల పేర్లు అంతకంటె వెనుకబడినవి.

ఎల్లిసు వ్రాతలకు పట్టిన గతి శోచనీయము. 1819లో అతడు రామనాథపురమున అకాలమరణము నొందెను. మధురలో మిగిలిన యతని కాగితములను అచటి దొర వంటవాడు నెలల తరబడి పొయ్యి రాజేయుటకు వాడెనని వాల్టరు ఎలియట్టు వ్రాసియున్నాడు. ఒక విద్వాంసుని జీవితకాల పరిశ్రమలో నెంతభాగము ఆ పొయ్యిలో గలిసెనో!

కళాశాల 1854లో రద్దయ్యెను. అయినను అచటి విద్య పూర్తిగ నశింపలేదు. 1812లోనే పుట్టిన మదరాసు లిటరరీ సొసైటీ వారి గ్రంథాలయము ఆ కాలేజి రోడ్డుననే నేటికిని నిలిచియున్నది. బ్రౌను తాను సేకరించిన రెండువేలకు పైబడిన వ్రాతప్రతులను ఆ సంఘము వారికే యప్పగించెను. అవియు, మెకంజీ సేకరించిన వానిలో కొన్నియు చెన్నపురి ప్రాచ్యలిఖిత గ్రంథాలయమునకు పునాది యైనవి. పొయ్యిపాలైన కాగితములు మరల రాలేదు. గ్రంథాలయము చేరిన తాటాకులు నేటికిని చదువబడుచున్నవి. గ్రంథాలయమేల అనువారికి ఇంతకుమించిన సమాధానము లేదు.

ఇరువదియైదేండ్లు నిండిన యీ పల్లె గ్రంథాలయమున వ్యాకరణములును, నిఘంటువులును, పంచతంత్ర కథలును కొలువుతీరి యున్నవి. వానిని తెరచునపుడు అట్టమీది పేరుతోబాటు పీఠికలోని పేర్లను గూడ చదువుట మంచిది. కోదండరామ పంతులు, పట్టాభిరామశాస్త్రి, వేంకటనారాయణయ్య, గురుమూర్తిశాస్త్రి, మామిడి వెంకయ్య - వీరు రాజ్యము లేలలేదు. రాజ్యమేలినవారికి మన మాట నేర్పిరి. తమ యింట పుట్టిన పిల్లల పేర్లవలె ఈ పేర్లు గ్రామస్థుల నోట మెదలుట వారి ఋణమును తీర్చు మార్గములలో నొకటి.