ట్రైజెమినల్ ధమని

లాటిన్‌లో ‘ట్రైజెమినస్’ అంటే ఒకే కాన్పులో పుట్టిన ముగ్గురిలో ఒకరు. ముఖానికి స్పర్శనిచ్చే అయిదో కపాలనాడి కంటికి, పై దవడకు, కింది దవడకు మూడు పాయలుగా చీలుతుంది కనుక దానికి ఆ పేరు పెట్టారు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో అది త్రిధార నాడి. ధమనికి మాత్రం ఇది అరువు పేరు. దానికి మూడు పాయలేమీ లేవు, ఆ నాడి పక్కగా సాగుతుందంతే.

పిండం నాలుగైదు మిల్లీమీటర్లున్నప్పుడు కెరోటిడ్ ధమని నుంచి మెదడు వెనుక భాగానికి రక్తం చేరవేసేది ముఖ్యంగా ఇదే. వేరే దారి ఏర్పడగానే, దాదాపు వారంలో, మూసుకుపోతుంది. వెయ్యిమందిలో ఒకరి నుంచి ఆరుగురికి పెద్దయ్యాక కూడా మిగిలే ఉంటుంది. అప్పుడు పేరుకు ముందు ‘పర్సిస్టెంట్’ చేరుతుంది. 1844లో రిచర్డ్ క్వైన్ దీన్ని వర్ణించాడు. ఎంఆర్‌ఐలో పక్కనుంచి చూస్తే ఇది కెరోటిడ్‌తో కలిసి గ్రీకు అక్షరం ‘టౌ’లా కనిపిస్తుంది. దాన్నే ‘టౌ గుర్తు’ అంటారు.

ఈ ధమనితో తరచూ కలిసి వినిపించే ‘అన్యూరిజం’ గ్రీకు మాట. వెడల్పు కావడమని అర్థం. ఈ ధమని ఉన్నవారిలో అన్యూరిజం, అంటే నాళాల ఉబ్బు, చాలా ఎక్కువని తొలి నివేదికలు చెప్పాయి. తర్వాతి పరిశీలనల్లో అది సుమారు 3 శాతమే, మామూలు జనంలో ఉన్నంతే. అయినా ఈ ధమని మీదే ఉబ్బు వస్తే, ధమనిని మూసేముందు మెదడు వెనుక భాగం దీని రక్తం మీదే ఆధారపడి ఉందేమో చూడటం తప్పనిసరి.